వెల్డర్ జీతం పెరిగేది పైపు దగ్గరే

[తెర మీద: ఏటవాలుగా బిగించిన పైపు. దాని చుట్టూ తిరుగుతూ వెల్డింగ్ చేస్తున్న చేతులు.]

ఈ పైపు చూడండి. 45 డిగ్రీల వాలులో బిగించేశారు. ఇక దాన్ని తిప్పడానికి లేదు, తిరగాల్సింది వెల్డరే. అడుగున తలెత్తి మొదలుపెట్టి, పక్కల నుంచి ఎక్కుతూ వచ్చి పైన ముగించాలి. దీన్నే 6జీ అంటారు. మంచి జీతమున్న వెల్డర్ ప్రకటనల్లో ఈ మాట ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందో చూద్దాం.

బల్ల మీద పరిచిన ప్లేటును పైనుంచి అతికించడం 1జీ. కరిగిన లోహం దానంతటదే కుదురుకుంటుంది. తలపైన చేసే 4జీలో అదే లోహం మీ మీదకు జారాలని చూస్తుంది. 6జీలో ఈ ఇబ్బందులన్నీ ఒకే జాయింటులో వస్తాయి. అందుకే ఆ టెస్టు పాసైతే, మందం, వ్యాసం పరిమితులకు లోబడి, మామూలుగా మిగతా పొజిషన్లకూ అర్హత వచ్చేస్తుంది. పదేళ్లుగా ర్యాకులు, రెయిలింగులు మాత్రమే చేసినవారికన్నా మూడేళ్ల అనుభవంతో పైపు టెస్టు పాసైన కుర్రాడికి ఎక్కువ ఇవ్వడం ఈ పనిలో మామూలే.

[తెర మీద: రెండు పైపు ముక్కల మధ్య సన్నని గ్యాప్. దగ్గరగా.]

అసలు పనితనం రూట్‌లో ఉంది. రూట్ అంటే మొట్టమొదటి వరుస. గ్యాప్ 2, 3 మిల్లీమీటర్లే ఉంటుంది. రెండు అంచులూ సమంగా కరిగి లోపలివైపు సన్నని గట్టులా కట్టాలి. చెయ్యి కాస్త తొందరపడితే లోపల అతుకు పడదు, ఆలస్యమైతే లోహం లోపలికి కారిపోతుంది. పైన క్యాపింగ్, అంటే చివరి వరుస, ఎంత అందంగా ఉన్నా ఎక్స్‌రే చూసేది లోపలినే. ఫెయిలైతే గ్రైండర్‌తో కోసి, మళ్లీ వెల్డ్ చేసి, మళ్లీ ఎక్స్‌రే తీయాలి. ఆ ఖర్చంతా కంపెనీ మీదే. అందుకే రిపేర్లు తక్కువ వచ్చే చేతికి ఎక్కువ ఇస్తారు. నా దృష్టిలో ఇది న్యాయమైన లెక్క.

తర్వాత లోహం. ఆర్గాన్ వెల్డింగ్, అంటే అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతూ చేసే పని, వచ్చినవారికి గిరాకీ ఎక్కువ. స్టెయిన్‌లెస్ పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపకపోతే రూట్ వెనకవైపు నల్లబడి పొక్కులు కడుతుంది. అల్యూమినియం ఇంకో రకం. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఆర్క్ వెల్డింగ్‌లో వాడే 7018 రకం రాడ్డు చెమ్మ పీల్చిందంటే అందులోంచి వచ్చే హైడ్రోజన్ వల్ల, వెల్డ్ చల్లారిన కొన్ని గంటలకో రోజులకో పగులు రావచ్చు. రాడ్లను ఓవెన్‌లో ఉంచమనడం అందుకే. ఈ కారణాలు తెలిసినవారిని, డ్రాయింగ్ చదవగలిగినవారిని సూపర్‌వైజర్లు వదులుకోరు.

రోబోల సంగతి అడుగుతుంటారు. కార్ల ఫ్యాక్టరీల్లో ఒకే అతుకు వేలసార్లు వేసే పనిని అవి ఏనాడో తీసుకున్నాయి. గ్యాప్ ఒక్కోచోట ఒక్కోలా ఉండే సైటు పని, పాత బాయిలర్ల రిపేర్లు ఇప్పటికీ చాలావరకు మనిషి చేతిలోనే ఉన్నాయి.

[తెర మీద: రాత్రి వెలుగులో రిఫైనరీ.]

షట్‌డౌన్ పనుల్లో, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే పనుల్లో, నెల జీతం చూసి మురిసిపోకండి. ఓవర్‌టైమ్‌తో పెద్ద మొత్తమే వస్తుంది, కానీ పని కొన్ని వారాలే. గంట రేటెంత, డ్యూటీ ఎన్ని గంటలు, బస, ప్రయాణం ఎవరిది అని ముందే అడగండి. ఆ తర్వాత ఖాళీగా ఉండే రోజులనూ లెక్కలో వేసుకోండి.

ఇంకోటి, దయచేసి పొగను తేలిగ్గా తీసుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ మీద పనైతే పొగ లాగే ఏర్పాటు, సరైన మాస్కు ఇమ్మని గట్టిగా అడగండి. అది మీ హక్కు.

[తెర మీద: సర్టిఫికెట్, పక్కన పని రికార్డు.]

సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకండి. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం నియమావళి అయిన ఏఎస్‌ఎంఈ కోడ్ ప్రకారం ఒక ప్రాసెస్‌లో, అంటే ఆర్క్, ఆర్గాన్ లాంటి ఒక వెల్డింగ్ పద్ధతిలో, 6 నెలలు పని చేయకపోతే ఆ అర్హత పోతుంది, మళ్లీ టెస్టు ఇవ్వాలి. కాబట్టి కంపెనీ మారేముందు ఏ ప్రాసెస్‌లో ఏ తేదీ వరకు పని చేశారో రాయించి, సంతకం పెట్టించుకుని బయటికి రండి.