పవన విద్యుత్తుకు బ్యాంకు వేసే లెక్క

అందరికీ నమస్కారం.

పునరుత్పాదక విద్యుత్తు అనగానే చర్చంతా రాయితీల మీదికి పోతుంది. నేను వడ్డీ గురించి మాట్లాడతాను.

బొగ్గు కేంద్రానికి రోజూ ఇంధనం కొనాలి. గాలిమరకు, సౌర ఫలకానికి ఆ బాధ లేదు. ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే, అదీ ఎక్కువగా అప్పు తెచ్చి పెట్టాలి. కాబట్టి యూనిట్ ధరను ఎండా గాలితో పాటు బ్యాంకు వడ్డీ కూడా తేలుస్తుంది. వడ్డీ తగ్గాలంటే బ్యాంకుకు ధీమా ఉండాలి. ఆ ధీమా ఇవ్వడమే ప్రభుత్వం పని.

జర్మనీ 2000 నాటి చట్టంతో చేసింది ఇదే: ఇలాంటి కేంద్రాల విద్యుత్తుకు 20 ఏళ్లపాటు నిర్ణీత ధర, గ్రిడ్‌లోకి ముందు దానికే చోటు. భారం వినియోగదారుల బిల్లుల మీద పడింది, గొడవలూ అయ్యాయి. అయినా రేట్లు తగ్గించినప్పుడు కొత్తగా వచ్చేవారికే తగ్గించారు.

స్పెయిన్ కథ వేరు. 2007లో ఉదారంగా ధర ప్రకటించింది. మరుసటి ఏడాదే 2,500 మెగావాట్లకు పైగా సౌర కేంద్రాలు వచ్చిపడ్డాయి. ఆ ఖర్చును బిల్లుల్లో పూర్తిగా రాబట్టకుండా లోటు పేరుకోనిచ్చారు. చివరికి 2013లో, అప్పటికే నడుస్తున్న కేంద్రాల చెల్లింపులకే కోత పెట్టారు. మదుపరులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి ఎక్కారు, ఆ కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. మొదటి తప్పు ధర ఎక్కువ పెట్టడమే, ఒప్పుకుంటాను. కానీ రెండోది, ఇచ్చిన మాట తర్వాత మార్చడం, ఇంకా ఖరీదైనది: బ్యాంకు ధీమా పోయేది దానితోనే.

తక్కువ ధరకు విద్యుత్తు ఇస్తామన్నవారికి ఒప్పందం దక్కే వేలంపాటలు వచ్చాక ధర తేల్చే పని పోటీకి వెళ్లింది. మంచిదే. అయితే గరిష్ఠ ధర పెట్టేది ప్రభుత్వమే కదా! 2023లో బ్రిటన్ సముద్ర పవన విద్యుత్తుకు మెగావాట్ అవర్‌కు 44 పౌండ్లు (2012 ధరల్లో) పరిమితి పెట్టింది. ఉక్కూ వడ్డీ రెండూ పెరిగిన కాలం అది. ఒక్క బిడ్ కూడా రాలేదు. తర్వాతి విడతలో 73 పౌండ్లకు పెంచాక కంపెనీలు మళ్లీ వచ్చాయి.

ఇక విద్యుత్తును మోసుకెళ్లే లైన్లు. నా దృష్టిలో ఇప్పుడు అసలు ఇరుకు ఇక్కడే. గాలి కేంద్రం రెండు మూడేళ్లలో లేస్తుంది, ట్రాన్స్‌మిషన్ లైన్‌కు పదేళ్లూ పట్టవచ్చు. టెక్సాస్ వరస తిరగేసింది. 2005 చట్టం ప్రకారం గాలి బాగా ఉన్న ప్రాంతాలను ముందే గుర్తించి, సుమారు 700 కోట్ల డాలర్లతో 2014 నాటికి లైన్లు పూర్తిచేసింది, ఖర్చును వినియోగదారులందరికీ పంచింది. కేంద్రాలు వాటంతటవే వచ్చాయి, ఎంతగా అంటే కొన్నేళ్లకే ఆ లైన్లలోనూ రద్దీ మొదలైంది. అందుకే ఏ ప్రభుత్వమైనా మెగావాట్ల లక్ష్యం ప్రకటిస్తే, దాని పక్కన లైన్ల తేదీ ఉందో లేదో నేను ముందు చూస్తాను.