దద్దుర్లొచ్చినవాళ్ల విస్తరి జోలికి వెళ్లకండి

అందరికీ నమస్కారం. అక్టోబర్ 1 ప్రపంచ అర్టికేరియా దినం కాబట్టి దద్దుర్ల గురించి నాలుగు ముక్కలు చెప్పమని మన కాలనీవాళ్లు అడిగారు. డాక్టర్ గారు తర్వాత మాట్లాడతారు. నేను భరించినదాన్ని కాబట్టి ముందు నేను మాట్లాడతాను.

సింహాచలం కొండమీద మా బంధువుల పెళ్లి. భోజనాల పంక్తిలో కూర్చున్నాను. చీర కుచ్చిళ్లు బిగిసిన చోట నడుం చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి, మోచేతుల దాకా పాకాయి. మా పిన్ని చూసి, అందరి ముందూ నా ఆకులోంచి గుత్తివంకాయ తీయించేసింది. "దానికి పడదు, వడ్డించకండి" అంది. అది మొదలు రొయ్యలు మానెయ్, గోంగూర మానెయ్, గుడ్డు మానెయ్. చివరికి చారన్నం మిగిలింది. దద్దుర్లు మాత్రం రోజూ వచ్చాయి. చిన్నప్పట్నుంచీ తిన్న వంకాయ ఆ ఒక్కరోజే ఎందుకు పడకుండా పోతుందండీ? ఇంట్లో పెద్దవాళ్లు గొంగళితో రుద్దమనేవారు. రుద్దితే ఇంకా లేస్తాయి!

ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉండే దద్దుర్లకు తిండి కారణం కావడం చాలా అరుదు. చర్మంలో మాస్ట్ కణాలుంటాయి. అవి హిస్టమిన్ అనే రసాయనం వదిలితే దురద, వాపు. కొందరిలో మన రోగనిరోధక వ్యవస్థే యాంటీబాడీలు తయారుచేసి ఆ కణాలను రెచ్చగొడుతుంది. దాన్నే ఆటోఇమ్యూన్ అంటారు. అలాంటివాళ్లలో థైరాయిడ్ సమస్య కూడా తరచు కనిపిస్తుంది. నాకూ అదే బయటపడింది. అందరికీ ఇదే అని కాదు, కానీ అడిగి పరీక్ష చేయించుకోవాలి.

వెనక వరసలో అమ్మాయిలూ, ఇది వినండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి దద్దురు మాయమవుతుంది, మన మాట ఎవరూ నమ్మరు. ఫోన్‌తో ఫొటో తీయండి. దద్దురు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి టైము రాసుకోండి. మామూలు దద్దురు 24 గంటల్లోపే ఆ గీతలోంచి పోతుంది. అంతకు మించి ఉండి, మంట పుట్టి, కమిలిన మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, చర్మం ముక్క తీసి పరీక్ష చేయాల్సిరావచ్చు. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

మందుల షాపులో స్టెరాయిడ్ బిళ్లలు అడిగి తెచ్చుకోవద్దు. ఒళ్లు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కొందరికి దద్దుర్లు పెంచుతాయి. ఆ హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు, మత్తు తక్కువుండే యాంటీహిస్టమిన్లు ఉన్నాయి. ఒక బిళ్లకు తగ్గకపోతే డాక్టరే నాలుగింతల వరకూ పెంచవచ్చు. అప్పటికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఖరీదైనదే, కానీ ఉందని తెలియాలి కదా.

ఇది అంటుకునేది కాదు. మీ కోడలికో, పక్కింటి పిల్లకో వస్తే వేరే తువ్వాలు, వేరే మంచం పెట్టకండి. పెళ్లి సంబంధాల్లో దాచే జబ్బూ కాదు. డాక్టర్ గారు వచ్చేశారు, మైకు ఆవిడకిస్తున్నాను. థైరాయిడ్ పరీక్ష ఎవరెవరికి అవసరమో, ముందు ఆ ప్రశ్న అడగండమ్మా.