సున్నకీ సున్నాకీ మధ్య

సభకు నమస్కారం. ముందు వరసల్లో రచయితలు, పంతుళ్లు ఉన్నారు. వెనక వరసల్లో అమలాపురం, రావులపాలెం, రాజోలు వైపు డీటీపీ సెంటర్ల వాళ్లు కూర్చున్నారు. ఇవాళ్టి మాటలు ఎక్కువగా ఆ వెనక వరసల కోసమే. రచయిత ఏం రాసినా చివరికి వాళ్ల కీబోర్డు దాటే బయటికి వస్తుంది కదా.

తెలుగు పోతోందన్న ఏడుపు ఇక్కడ ఏడవను. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. రాతకూ కొదవ లేదు. పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి కవితా సంపుటి దాకా, గుడి కరపత్రం దగ్గర్నుంచి సహకార సంఘం నివేదిక దాకా మన ఊళ్లలో రోజూ తెలుగు అచ్చవుతూనే ఉంది. అచ్చయ్యాక ఆ రాత ఎటు పోతోందన్నదే అసలు చిక్కు. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైల్లో ఉండిపోతుంది, లేకపోతే ఫోటోగా మారి వాట్సాప్‌లో తిరుగుతుంది. రెండిట్లోనూ వెతికితే ఒక్క మాట దొరకదు.

ఎందుకు దొరకదో చూద్దాం. అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లలో మనకు కనిపించే ‘క’ కంప్యూటర్‌కి ‘క’ కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో మన తలకట్లు, ఒత్తులు, కొమ్ములు బొమ్మలుగా కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిగీతలే. ఆ రోజుల్లో అది గొప్ప ఉపాయమే, దాన్ని తిట్టడం న్యాయం కాదు. ఎన్నో ఏళ్లపాటు తెలుగు అచ్చుని నడిపించింది అదే. కానీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ మన పుస్తకాలు దాచుకుంటున్నాం. 1874లో కందుకూరి వీరేశలింగం గారు మొదలుపెట్టిన వివేకవర్ధని సంచిక చేతికి దొరికితే ఇవాళ కూర్చుని చదువుకోవచ్చు. 1999లో కంపోజ్ చేసిన పుస్తకం ఫైలు తెరవాలంటే ముందు ఆ ఫాంటు ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.

దీనికి విరుగుడు యూనికోడ్, అంటే కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పట్టిక. అందులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ సొంత అంకె ఉంది. ‘ఎదుర్లంక’ తీసుకోండి: ఎ, ద, కొమ్ము, ర, పొల్లు, ల, సున్న, క. మొత్తం ఎనిమిది. ర్ల అనే జంటాక్షరం విడిగా ఎక్కడా దాచి ఉండదు. ర, పొల్లు, ల పక్కపక్కన పడితే ఫాంటే ఒత్తు కింద వేస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే అది, ఈ గడ్డ మీద ఎంతమంది గమనించారో మరి.

యూనికోడ్‌లో కొట్టగానే గండం గడిచిందనుకోకండి. తప్పులు అక్కడా ఉన్నాయి, పైగా కంటికి కనపడవు.

మొదటిది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, సున్న. ‘లంక’ అని రాయాల్సిన చోట ‘ల౦క’ అని కొడుతున్నారు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా? మొదటిదాంట్లో ఉన్నది అనుస్వారం. రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్నా. అచ్చులో తేడా తెలియదు కాబట్టి ప్రూఫు చూసేవాళ్లు వదిలేస్తారు. ఆ పుస్తకంలో ‘లంక’ కోసం వెతికితే మాత్రం లేదంటుంది. దిద్దడం తేలికే: వెతికే పెట్టెలో అంకె సున్నా పెట్టి, దొరికిన ప్రతిచోటా ఆగి చూసుకుంటూ మార్చండి. అన్నీ ఒకేసారి మార్చే బొత్తాం నొక్కితే తెలుగు అంకెల్లో వేసిన సంవత్సరాలన్నీ పాడవుతాయి.

రెండోది పొల్లు. ‘డాక్టర్‌గారు’ అని కొట్టబోతే ‘డాక్టర్గారు’ అయిపోతుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా మార్చడమే ఫాంటు ధర్మం, దాని తప్పేం లేదు. మధ్యలో కనపడని విడదీత గుర్తు ఒకటి పెట్టాలి. వర్డ్‌లో అయితే ‘ర్’ తర్వాత 200సి అని (చివరి ‘సి’ ఇంగ్లిష్ అక్షరంగా) కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి. ఈ గుర్తు ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేరువేరు మాటలు. అందుకే పుస్తకం మొదలుపెట్టే ముందే ఒక పద్ధతి అనుకుని చివరిదాకా దాని మీదే నిలబడాలి.

ఐత్వానిదీ ఇలాంటి గొడవే. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచొచ్చు, ఎత్వం కింద ఇంకో ముక్క చేర్చి రెండుగానూ దాచొచ్చు. చూడ్డానికి ఒకటే. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ల నుంచి వచ్చిన ఫైళ్లలో రెండో రకం ఉందేమో చూసుకోండి.

పాత ఫైళ్లు మార్చేవాళ్లకు రెండు మాటలు. అసలు ఫైలు ముట్టుకోవద్దు, నకలు తీసుకోండి. ఏ ఫాంటు, ఏ వెర్షనో ఒక కాగితం మీద రాసుకోండి. అది తప్పితే కన్వర్టర్ చెత్త ఇస్తుంది. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని ముక్కలు ముక్కలుగా బయటికి తీసి, ఒక్కో ముక్కనూ మార్చండి. మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే ముందే వేరుచేయాలి. లేకపోతే కన్వర్టర్ వాటినీ తెలుగు బొమ్మల గుర్తులే అనుకుని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. మార్చాక ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు వెతికి చూడండి. మూడు హల్లులు కలిసిన చోట సరిగ్గా వచ్చిందంటే మిగతాది చాలావరకు నమ్మొచ్చు.

పేజ్‌మేకర్ వదిలి, పేజీలు పేర్చే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోకి వెళ్లేవాళ్లు ‘ఒత్తులు విడిపోతున్నాయి, యూనికోడ్ మాకొద్దు’ అంటుంటారు. పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోవడం వల్లే అది. ఒక్క క్లిక్కు పని. పీడీఎఫ్ ఉంది కదా, చాలదా అంటారు. చాలదు. తెలుగు పీడీఎఫ్ నుంచి పాఠం కాపీ చేస్తే తరచూ ఒత్తులు తారుమారవుతాయి. పీడీఎఫ్‌తో పాటు మామూలు టెక్స్ట్ ఫైలు కూడా రచయిత చేతికివ్వండి. రచయితలూ, డబ్బు కట్టేటప్పుడే ఆ ఫైలు అడిగి పుచ్చుకోండి!

అచ్చు పుస్తకం మాత్రమే మిగిలి, ఫైలు లేకపోతే స్కానింగే దారి. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గొద్దు, పేజీ వంకర పోనివ్వొద్దు. ఆ తర్వాత బొమ్మలోని అక్షరాల్ని పాఠంగా మార్చే ఓసీఆర్ కావాలి. గూగుల్ డ్రైవ్‌లోనిది గానీ టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ గానీ వాడొచ్చు. ఓసీఆర్ తడబడే చోట్లు ముందే తెలిస్తే ప్రూఫు సగం అయినట్టే: వు–పు, మ–వు, ధ–థ, ఘ–ఫు జంటలు. పాత పుస్తకాలైతే అరసున్నలు, బండి ఱ, వలపలగిలక (ర్ బదులు తర్వాతి అక్షరం పక్కన వేసే పాత గుర్తు) కూడా కలుస్తాయి. కాపీరైటు మాత్రం చూసుకోండి. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, కాబట్టి ఆయన రచనలు 2022 మొదలు అందరివీ.

కీబోర్డు సంగతి క్లుప్తంగా. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే పద్ధతిలో ‘లంక’కు ఐదు మీటలు. ఒక్కో తెలుగు అక్షరానికీ, గుర్తుకీ సొంత మీట ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఎన్, ఎక్స్, కె, అంతే. రోజూ రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది రెండోదే. ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాసే అలవాటుకు పిల్లల్ని ఆడిపోసుకుంటాం గానీ, అప్పట్లో ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పట్టేవి, తెలుగైతే గుర్తులతో కలిపి 70. డబ్బులు లెక్కేసుకునే పిల్లాడు ఏది ఎంచుకుంటాడు?

ఇక ముందు రోజుల మాట. ఫోను సూచించే మాటలు, మాట్లాడితే రాసిపెట్టే యంత్రాలు, ఇప్పటి ఏఐలు అన్నీ నేర్చుకునేది దొరికిన పాఠం నుంచే. మన సార్వా, దాళ్వా, పుంత, బోదె లాంటి ఊరి మాటలు ఆ పాఠంలో తగినంత లేకపోతే ఫోను వాటిని తప్పని ఎర్రగీత గీస్తుంది, లేదా వేరే మాటగా మార్చేస్తుంది. ‘వచ్చేత్తాను’ అని ఒక పాత్ర అంటే ‘వచ్చేస్తాను’ అని దిద్దిపెడుతుంది. కథ రాసేవాళ్లు ఆ దిద్దుబాటు ఆపేసుకోండి. ఫోను సెట్టింగుల్లో ఉంటుంది. సొంత నిఘంటువు అని ఇంకో చోటుంది, అందులో మీ ఊరి మాటలు చేర్చుకోండి. పంతుళ్లు పిల్లలచేత ఇంట్లో వినే వ్యవసాయపు మాటలు ఒక్కో పేజీ రాయించి, యూనికోడ్‌లో కొట్టించి, వికీపీడియాలో తమ ఊరి వ్యాసానికి పనికొచ్చేది చేర్పించొచ్చు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. మన ఊళ్ల పేజీలు చాలావాటిలో ఇప్పటికీ జనాభా లెక్కలు తప్ప పెద్దగా ఏమీ లేవు.

పెన్‌డ్రైవుల్లో పాత ఫైళ్లు తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. ఫాంటు పేరు తెలియకపోయినా పర్వాలేదు, అచ్చయిన పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోండి. దాన్ని చూసి అక్షరం అక్షరం పోల్చుకుంటూ మొదటి పేజీ మార్చి చూద్దాం.