భూమధ్యరేఖ మీద సముద్రరాజు దర్బారు

ఓడ ఉద్యోగాలకు వెళ్లబోతున్న యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

భూమధ్యరేఖను మొదటిసారి దాటే నావికుడికి ఓడ మీద ఒక తంతు జరుపుతారు. ఇదివరకే దాటిన పాతకాపు ఒకరు గడ్డం, కిరీటం, త్రిశూలంతో సముద్రరాజు నెప్ట్యూన్‌గా కొలువు తీరుతాడు. కొత్తవాళ్లను పిలిపించి, విచారించి, నీళ్లలో ముంచి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. 1529లో సుమత్రాకు బయలుదేరిన ఫ్రెంచి ఓడల్లో కూడా రేఖ దాటినప్పుడు కొత్తవాళ్లను వీరులుగా ప్రకటించారు.

1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడ మీద చార్లెస్ డార్విన్‌కూ ఇది తప్పలేదు. కళ్లకు గంతలు కట్టి నడిపించారు. దారి పొడవునా బకెట్లతో నీళ్లు గుమ్మరించారు. చెక్కపలక మీద కూర్చోబెట్టి, ముఖానికి తారు, రంగు పూసి, గరుకు ఇనుప పట్టీతో ‘క్షవరం’ చేసి, నీళ్లు నింపిన తెరచాపలోకి తలకిందులుగా పడేశారు. తాను తేలిగ్గానే బయటపడ్డానని, మిగతావాళ్ల నోళ్లలో రోత పదార్థాలు కుక్కారని ఆయన డైరీలో రాసుకున్నారు. ఆ రోజు కెప్టెన్‌తో సహా తడవనివారు లేరట. ఈ మాట నాకెంతో ఇష్టం. కెప్టెన్ నోటి మాటే చట్టమైన చోట, ఒక్క పూటకైనా హోదాలు పక్కకు తప్పుకున్నాయి.

కానీ 1768 అక్టోబరులో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ ఓడ ఎండెవర్ మీద జరిగింది చూడండి. నాలుగు రోజుల మద్యం వాటా వదులుకుంటే మునక తప్పేది. ఆ ఓడలో ప్రయాణిస్తున్న సంపన్న వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ తనకూ, సేవకులకూ, చివరికి తన కుక్కలకూ కలిపి బ్రాందీ ఇచ్చి తప్పించుకున్నారు. కుర్రవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. తెరచాప కట్టే అడ్డకొయ్య నుంచి తాడుతో వేలాడదీసి మూడుసార్లు సముద్రంలో ముంచారు. కొందరు నవ్వుతూ పైకి వచ్చారు, కొందరికి ఊపిరాడలేదు. వద్దనే వీలు డబ్బున్నవాడికే ఉన్న ఆటను నేను ఆటగా ఒప్పుకోలేను. కాలం మారి, ఇప్పుడు చాలా నౌకాదళాలు బలవంతాన్ని నిషేధించాయి. అది ఆలస్యంగానైనా వచ్చిన న్యాయం.

2017–18లో భారత నౌకాదళపు తెరచాప నౌక తారిణిలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా నావికాధికారుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. ఆ ప్రయాణంలో వాళ్లు ఈ రేఖను రెండుసార్లు దాటారు. మీ వంతు వచ్చినప్పుడు మనసారా తడవండి. పక్కవాడు వద్దంటే అతని తరఫున మాట్లాడండి. సర్టిఫికెట్‌ను మాత్రం భద్రంగా దాచుకోండి. అది చూపించలేకపోతే, వేరే ఓడవాళ్లు మిమ్మల్ని కొత్తవాళ్లుగానే లెక్కగట్టి మళ్లీ ముంచవచ్చు.