పట్టీలు ఆనే చోట సూది

శ్రోతలకు నమస్కారం.

ఒకరోజు మా ఓపీకి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. చేతిలో పెళ్లి ఆల్బమంత లావు ఫైలు. నిండా మూడేళ్ల మూత్ర పరీక్షల రిపోర్టులు. దాదాపు ప్రతి కాగితం మీదా ఒకటే మాట: సూక్ష్మజీవులు పెరగలేదు. అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు యాంటీబయాటిక్ రాశారు, ఆమె మింగారు. మూత్రాశయం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి, ఖాళీ చేస్తే కాస్త ఊరట, అరగంటకు మళ్లీ మొదలు. మియాపూర్ మెట్రోలో ఏ స్టేషన్‌లో మరుగుదొడ్డి ఎటువైపు ఉందో ఆమెకు కంఠతా వచ్చు. "క్లాసులో పిల్లలకంటే ముందు నేనే బయటికి పరుగెడుతున్నాను మేడమ్" అన్నారు.

ఈ జబ్బును ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటాం. ఇన్‌ఫెక్షన్ లేకుండా ఆరు వారాలకు మించి ఈ బాధ ఉంటే దీన్ని అనుమానించాలి. మగవారికంటే ఆడవారిలోనే ఎక్కువ. 1915లో గై హన్నర్ అనే అమెరికా వైద్యుడు కొందరు స్త్రీల మూత్రాశయం లోపలి గోడ మీద పుండ్లను గుర్తించి రాశారు. అవి ఉంటే ముందు వాటినే మాడ్చి నయం చేయాలి. అయితే చాలామందిలో గొట్టం వేసి చూసినా పుండు కనిపించదు. అక్కడే పాపం "నీకేమీ లేదు, అంతా భ్రమ" అన్న మాట పడుతుంది. ఆ మాట నాకు గిట్టదు.

భ్రమ కాదు, నరాల తగువు. మామూలుగా మూత్రాశయంలో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పడుతుంది. అది నిండుతోందన్న కబురును నరాలు వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు మోస్తాయి. ఏళ్ల తరబడి నొప్పి మోసిన నరం మెల్లగా చాడీలకు అలవాటు పడుతుంది. గోరంత నిండితే కొండంత చేసి చెబుతుంది. వినే వెన్నుపాము కూడా అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. ఇక మూత్రాశయానికి మాత్రమే మందు వేస్తే ఏం లాభం? కబురు మోసేవారిని కూడా దారిలో పెట్టాలి కదా!

మొదటి మెట్టు మాత్రలే. అమిట్రిప్టిలిన్ అనే పాత మందును రాత్రిపూట పది మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. ఇంటికెళ్లి కాగితం చదివిన మర్నాడే ఫోను వస్తుంది: "ఇది దిగులు జబ్బు మందట, నాకేమైనా పిచ్చా?" కాదమ్మా. తక్కువ మోతాదులో అది నరాల నొప్పిని తగ్గిస్తుంది. నోరు ఎండుతుంది, మత్తుగా ఉంటుంది, అందుకే పడుకునే ముందు వేసుకోమంటాం.

రెండోది వినగానే నవ్వొచ్చే వైద్యం. నొప్పి పొత్తికడుపులో, సూది కాలికి! లోపలివైపు చీలమండకు మూడు వేళ్లంత పైన, పట్టీలు ఆనే చోట, సన్నటి సూది గుచ్చి కొద్దిపాటి విద్యుత్తు పంపుతాం. కాలి బొటనవేలు దానంతటదే వంకర తిరిగితే సరైన నరం దొరికినట్లు. అక్కడి టిబియల్ నరమూ, మూత్రాశయం నరాలూ వెన్నుపాము అడుగున ఒకే ఇంటి నుంచి బయలుదేరతాయి. అందుకే కాలి దగ్గర చెప్పిన మాట అక్కడికి వినిపిస్తుంది. వారానికోసారి అరగంట చొప్పున పన్నెండు వారాలు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు చేయం.

దీనికీ లొంగకపోతే వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి అనే ఎముకలోని మూడో రంధ్రం గుండా, నరం పక్కకు ఒక తీగ పంపే పద్ధతి ఉంది. ముందు తాత్కాలికంగా పెట్టి కొన్ని రోజులు చూస్తాం. బాధ సగానికి సగం తగ్గితేనే బ్యాటరీ పరికరాన్ని పిరుదు పైభాగంలో చర్మం కింద అమరుస్తాం. అమెరికాలో 1997లో ఆపుకోలేని మూత్ర సమస్యకు దీన్ని అనుమతించారు, నొప్పికి కాదు. నొప్పి ఉన్నవారిలో మాటిమాటికీ వెళ్లడం బాగా తగ్గుతుంది, నొప్పి అందరిలో అంతగా తగ్గదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకే ఆ తాత్కాలిక పరీక్షను దాటవేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇంకో మాట. మూత్రాశయం బలానికని పొత్తికడుపు కింది కండరాలు బిగించే వ్యాయామాలు వీడియోల్లో చూసి చేస్తుంటారు. ఈ జబ్బులో ఆ కండరాలు అసలే బిగుసుకుని ఉంటాయి, వాటిని సడలించడం నేర్పే ఫిజియోథెరపిస్టు కావాలి. చింతపులుసు, టమోటా, ఇరానీ చాయ్ ఒక్కొక్కటే రెండు వారాలు మానేసి చూడండి, పడనిది మీకే తెలుస్తుంది. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే రండి. సూక్ష్మజీవులు పెరగకపోయినా చీముకణాలు కనిపిస్తుంటే మన దేశంలో క్షయ పరీక్ష తప్పనిసరి.

టీచరమ్మకు కాలి సూది పన్నెండు వారాలు పూర్తయింది. నొప్పి పూర్తిగా పోలేదు. రాత్రి ఆరుసార్లు లేచేవారు, ఇప్పుడు రెండుసార్లు. చివరి రోజు ఫైలు తేలేదు. "ఇక పట్టీలు పెట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగారు.

పెట్టుకోమన్నాను. మళ్లీ నెలకోసారి సూదికి వచ్చినప్పుడు తీసి రమ్మన్నాను.