నాన్న గిటార్ చుట్టూ ఒక ఇల్లు: స్టేపుల్ సింగర్స్ బాక్స్ సెట్

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మా తమ్ముడు ఒక అట్టపెట్టెను చంకలో పెట్టుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఏంట్రా అది?

తమ్ముడు: స్టేపుల్ సింగర్స్ బాక్స్ సెట్ అక్కా. అమెరికాలో ఒక నాన్నా పిల్లలూ కలిసి పాడిన నల్లజాతి కుటుంబ బృందం అది, వాళ్ల పాటలన్నీ ఒకే పెట్టెలో. ‘ఫెయిత్ అండ్ గ్రేస్: ఎ ఫ్యామిలీ జర్నీ 1953–1976’. 2015లో వేశారు. 4 సీడీలు, వాటితో పాటు 7 అంగుళాల వినైల్, అంటే పాతకాలపు గ్రామఫోన్ రికార్డులాంటిది, ఒకటి. పది రోజులుగా మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వింటున్నాను.

అక్క: వరసగానే ఎందుకు? నచ్చినవి ఏరుకుని వినొచ్చుగా?

తమ్ముడు: ఇన్నాళ్లూ అలాగే విన్నాను. హిట్ పాటలు రెండో మూడో తెలుసు, అంతే. వాళ్ల గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: చర్చి పాటలతో మొదలుపెట్టారు, తర్వాత నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమ పాటలకు, తర్వాత సోల్ అనే పాప్ సంగీతానికి మారారు అని. వరసగా వింటే ఆ మార్పు నాకు కనబడలేదు. చుట్టూ వాయిద్యాలు మారాయి, రికార్డు కంపెనీలు మారాయి. నాన్నా పిల్లలూ మాత్రం మొదట్లో ఎలా పాడారో చివరిదాకా అలాగే పాడారు. అది చెబుదామనే వచ్చాను.

అక్క: సరే, మొదట్నుంచి రా. ఈ నాన్న ఎవరు?

తమ్ముడు: రోబక్ స్టేపుల్స్. అందరూ పాప్స్ అంటారు. 1914లో మిసిసిపిలో పుట్టాడు. పెరిగింది డాకరీ ప్లాంటేషన్ అనే పెద్ద పత్తి కమతంలో. బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాట, దాని చరిత్రలో ఆ ఊరి పేరు తరచూ వస్తుంది. చార్లీ ప్యాటన్ అనే బ్లూస్ గిటారిస్టు అక్కడే వాయించేవాడు, ఈ కుర్రాడు విని నేర్చుకున్నాడు. 1930ల నడుమ షికాగో చేరాడు. కబేళాలో పనిచేశాడు, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేశాడు.

అక్క: మరి పాట ఎప్పుడు?

తమ్ముడు: సాయంత్రాలు. ఒక చర్చి బృందంలో పాడేవాడు. అందులో వాళ్లు ప్రాక్టీసుకి సరిగా వచ్చేవాళ్లు కాదు. విసిగిపోయి ఇంటికొచ్చి పిల్లల్ని గచ్చు మీద చుట్టూ కూర్చోబెట్టాడు. గిటార్ మీద ఒక్కో తీగ మీటి, “ఇది నీ స్వరం, ఇది నీది” అని పంచాడు.

అక్క: కార్తీక మాసంలో నాన్న మనల్ని చాప మీద కూర్చోబెట్టినట్టే ఉంది!

తమ్ముడు: నాకూ అదే గుర్తొచ్చింది. కానీ ఒక తేడా ఉంది అక్కా. నాన్న హార్మోనియం మీద ఒక స్వరం పట్టుకుంటే మనమందరం అదే స్వరం అందుకోవాలి. నేను కిందికి జారితే తొడ మీద ఒకటి పడేది. పాప్స్ అలా కాదు, ఒక్కొక్కరికీ ఒక్కో స్వరం ఇచ్చాడు. అన్నీ ఒకేసారి పలకాలి, ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. పక్కవాళ్ల గొంతు చెవిలో పడుతున్నా నీ స్వరం నువ్వు వదలకూడదు. చిన్నపిల్లలకు అది ఎంత కష్టమో ఆలోచించు.

అక్క: నిజమే. పక్కనున్న నీ గొంతులోకి నేను జారిపోయేదాన్ని.

తమ్ముడు: 1948లో మేనత్త వాళ్ల చర్చిలో మొదటిసారి పాడారు. జనం మళ్లీ పాడమన్నారు. వీళ్లకు బాగా వచ్చింది ఒకటే పాట, దాన్నే మళ్లీ మళ్లీ పాడారట. ఇంటికొచ్చాక పాప్స్, ఇంకొన్ని పాటలు నేర్చుకోవాలర్రా అన్నాడని మేవిస్ ఇప్పటికీ చెబుతుంది.

అక్క: మేవిస్ అంటే చిన్నమ్మాయా?

తమ్ముడు: పాడిన వాళ్లలో చిన్నది. పెద్దమ్మాయి క్లియోథా, తర్వాత పర్విస్, ఇవాన్, మేవిస్. మొదట్లో ముందుండి పాడేది పర్విస్. అతని గొంతు మారే వయసొచ్చి పై స్వరాలు అందకపోయేసరికి పాప్స్ మేవిస్‌ని ముందుకు తోశాడు. 1956లో వీజే అనే రికార్డు కంపెనీకి ‘అన్‌క్లౌడీ డే’ పాడినప్పుడు ఆ పిల్లకు పదిహేడేళ్లు. కొంచెం వినిపిస్తాను.

(పాట కొన్ని క్షణాలు)

అక్క: ఆగు ఆగు. ఈ గొంతు పదిహేడేళ్ల ఆడపిల్లదా?

తమ్ముడు: రేడియోలో విన్నవాళ్లు అసలు నమ్మలేదు. మగవాడో, భారీ మనిషో అయ్యుంటుందని పందాలు కాసుకునేవాళ్లు. తీరా స్టేజీ మీద చూస్తే పొట్టి పిల్ల. గొంతు పక్కన పెట్టి ఇప్పుడు గిటార్ ఒక్కటే విను. తీగ మీటాక శబ్దం ఎలా పోతోంది?

అక్క: వణుకుతోంది. గమకంలాగా.

తమ్ముడు: గమకంలో స్వరమే పైకీ కిందికీ ఊగుతుంది. ఇందులో స్వరం కదలదు, శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కోనేట్లో వదిలిన దీపం అలల మీద కనిపించి మరుగై మళ్లీ కనిపిస్తుంది చూడు, అలాగ. దీన్ని ట్రెమొలో అంటారు. పాప్స్ ఎక్కువ తీగలు వాయించడు. నాలుగు స్వరాలు వదిలి, వాటి మధ్య ఖాళీలో పిల్లల్ని పాడనిస్తాడు. 4 సీడీల్లో ఎక్కడ ఈ వణుకు వినబడినా, ఇంటి పెద్ద గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది నాకు.

అక్క: ఉద్యమ పాటలు అన్నావు?

తమ్ముడు: మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం విని బసకొచ్చాక పాప్స్ పిల్లల్ని పిలిచి, ఆయన చెప్పగలిగితే మనం పాడగలం అన్నాడు. అక్కడి నుంచి కింగ్ సభల్లో వీళ్ల పాట ఉండేది. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని బడిలో అడుగుపెట్టనివ్వకుండా అడ్డుకున్నారు కదా, వాళ్లను తలచుకుని పాప్స్ ‘వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్’ రాశాడు. కింగ్‌కు అది ప్రాణం, సభకు ముందు నా పాట పాడండి అని అడిగేవాడట. 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి పాదయాత్ర జరిగితే ‘ఫ్రీడమ్ హైవే’ రాశాడు. అది షికాగోలో ఒక చర్చిలో, జనం మధ్యే రికార్డు చేశారు. చప్పట్లు, కేకలు, అన్నీ వినబడతాయి.

అక్క: బాబ్ డిలన్ పాట కూడా పాడారని విన్నాను.

తమ్ముడు: ‘బ్లోయిన్ ఇన్ ది విండ్’. ఒక మనిషిని మనిషి అనడానికి ముందు అతను ఎన్ని దారులు నడవాలి అని వస్తుంది కదా మొదట్లోనే. పాప్స్ అది విని ఆగిపోయాడు. మిసిసిపిలో ఎదురుగా తెల్లవాళ్లు వస్తే ఆయన నడిచే బాట దిగి అవతలికి వెళ్లాల్సి వచ్చేది. ఆ కుర్రాడు నా బతుకు ఎలా రాశాడు అనుకున్నాడట. అది తెలిశాక ఆ పాట మళ్లీ విన్నాను, ఇంకోలా వినబడింది.

అక్క: (కొంచెం ఆగి) సోల్ అంటారు కదా, అదెప్పుడు?

తమ్ముడు: 1968లో మెంఫిస్‌లోని స్టాక్స్ అనే రికార్డు కంపెనీకి వచ్చారు. ఆ కాలంలోనే పర్విస్ తప్పుకుంటే ఇవాన్ ఆ చోటు తీసుకుంది. 1971లో ‘రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్’, 1972లో ‘ఐల్ టేక్ యూ దేర్’. ఈ రెండోది అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్.

అక్క: అది నాకూ తెలుసు. అందులో పెద్దగా మాటలే ఉండవు.

తమ్ముడు: మాటలూ తక్కువే, గిటార్ మీద కలిపి మీటే స్వరాల గుంపులు, అంటే కార్డ్స్ (chords), కూడా రెండే, సి, ఎఫ్. పాట మొత్తం వాటి మీదే నడుస్తుంది. రాసింది స్టాక్స్ పెద్ద అల్ బెల్. ఆయన తమ్ముణ్ని ఎవరో కాల్చి చంపారు. అంత్యక్రియలు అయ్యాక తండ్రి ఇంటి పెరట్లో ఒక పాత బస్సు మీద ఒంటరిగా కూర్చుంటే ఈ పాట వచ్చిందని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఎవరూ ఏడవని చోటు ఒకటుంది, నిన్ను అక్కడికి తీసుకెళ్తాను అని.

అక్క: నేను ఇన్నాళ్లూ డాన్స్ పాట అనుకున్నాను!

తమ్ముడు: కొన్ని చర్చిల వాళ్లూ అలాగే అనుకుని, సైతాను పాటలు పాడుతున్నారని తిట్టారు. మేవిస్ ఒకటే అడిగింది: ఎవరూ ఏడవని చోటు స్వర్గం కాక మరేమిటి అని. వాయించింది అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియో వాళ్లు, ఎక్కువమంది తెల్లవాళ్లు. నడుమ బేస్ గిటార్ ముందుకొచ్చినప్పుడు మేవిస్ “లిటిల్ డేవిడ్” అని పిలుస్తుంది, అది డేవిడ్ హుడ్‌ను. గిటార్ వచ్చినప్పుడు “డాడీ, డాడీ” అంటుంది.

అక్క: అంటే పాప్స్‌ని.

తమ్ముడు: అందరూ అలాగే అనుకున్నారు. నిజానికి ఆ ముక్క వాయించింది ఎడ్డీ హింటన్ అనే ఆయన. నాన్న వాయించకపోయినా ఆ అమ్మాయి నోట నాన్న పేరే వచ్చింది. గిటార్ వినబడితే చాలు, పిలుపు అదే. వెనక అక్కలిద్దరూ బుర్రకథలో వంతల్లాగా అందుకుంటూనే ఉంటారు. 1948లో గచ్చు మీద పంచిన స్వరాలే అవి, కింద డ్రమ్స్ చేరాయి, అంతే. అందుకే నాకు మార్పు కనబడలేదన్నాను.

అక్క: ఆ చిన్న వినైల్ సంగతి చెప్పలేదు.

తమ్ముడు: అదే మొట్టమొదటి రికార్డింగు, 1953ది. ఒకవైపు ‘ఫెయిత్ అండ్ గ్రేస్’, రెండోవైపు ‘దీజ్ ఆర్ దే’. సెట్ పేరు అక్కడి నుంచే. అది సీడీగా కాకుండా వినైల్‌గా ఇచ్చినందుకు దాన్ని తయారుచేసిన వాళ్లకు దణ్ణం పెట్టాలి. సూది గాడిలో పడేటప్పుడు ముందు ఒక చిటచిట, ఆ తర్వాత ఆ గొంతులు.

అక్క: సెట్ 1976లో ఆగిపోతుంది కదా. తర్వాత?

తమ్ముడు: పాప్స్ 2000 డిసెంబర్‌లో పోయాడు. చివరి రోజుల్లో కొన్ని పాటలు పాడి రికార్డు చేశాడు, పూర్తి కాలేదు. మంచం మీద ఉన్నప్పుడు ఆ టేపులు తెచ్చి వినిపించమన్నాడు. విన్నాక మేవిస్‌తో, ఇవి పోగొట్టకు అన్నాడు. ఆవిడ వాటిని దాచి దాచి, 2015లో జెఫ్ ట్వీడీ అనే సంగీతకారుడి సాయంతో ఆల్బమ్‌గా తెచ్చింది. పేరు ‘డోంట్ లూజ్ దిస్’. ఈ బాక్స్ సెట్ వచ్చిన ఏడాదే.

అక్క: నాన్న అన్న మాటే పేరు పెట్టింది.

తమ్ముడు: క్లియోథా 2013లో, ఇవాన్ 2018లో, పర్విస్ 2021లో వెళ్లిపోయారు.

అక్క: ఆ వినైల్ ఇటు ఇవ్వు. చేతులు కడుక్కునే వచ్చాన్లే. అంచులు పట్టుకుంటాను.

తమ్ముడు: జాగ్రత్త. ఆ, అలాగే పెట్టు.

(చిటచిట. గొంతులు.)