సైన్యానికి పై మాట ఎవరిది? ప్రజలకు జవాబు చెప్పాల్సింది ఎవరు?

నమస్కారమండీ. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో సైన్యం ప్రభుత్వాన్ని ఎప్పుడూ కూలదోయలేదు. ఇది మనందరం గర్వంగా చెప్పుకునే మాట. నేనూ గర్వపడతాను. కానీ ఈ కథలో సగమే మనకు చెప్పారు. రెండో సగం ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు ఢిల్లీలో ఒక ఇంటి సంగతి చెప్తాను. తీన్‌మూర్తి భవన్ పేరు వినే ఉంటారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో అది కమాండర్ ఇన్ చీఫ్ ఉండే ఇల్లు. ఆ రోజుల్లో వైస్రాయ్ తర్వాత స్థానం ఆయనదే, రక్షణ శాఖ కూడా ఆయన చేతిలోనే. 1946 సెప్టెంబర్‌లో తాత్కాలిక ప్రభుత్వం వచ్చాక రక్షణ శాఖ బల్‌దేవ్ సింగ్‌కు వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇంట్లోకి ప్రధానమంత్రి నెహ్రూ మారారు. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అనే హోదానే తీసేసి, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అధిపతులను చీఫ్ ఆఫ్ స్టాఫ్ అని మార్చారు. ఇవాళ ఎవరి హోదా ఎంతో చెప్పే ప్రోటోకాల్ పట్టికలో ఆర్మీ చీఫ్‌ది 12వ స్థానం, సివిల్ అధికారి అయిన కేబినెట్ సెక్రటరీ కంటే ఒక మెట్టు కింద.

ఇదంతా ఎందుకు చేశారో తెలియాలంటే పక్క దేశం వైపు చూడాలి. పాకిస్తాన్‌లో 1954లో ఆర్మీ చీఫ్ అయూబ్ ఖాన్‌ను, యూనిఫాం విప్పకుండానే, రక్షణమంత్రిని చేశారు. నాలుగేళ్లకే దేశం మొత్తం ఆయన చేతిలోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు వద్దాం. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది. 18వ తేదీన నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు లొంగిపోయారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఇక్కడ పాలించింది మిలిటరీ గవర్నర్ హోదాలో ఆ చౌదరిగారే. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అన్నీ ఒక సైనికాధికారి కింద! అయినా గడువు రాగానే బాధ్యతలు అప్పజెప్పి ఆయన వెళ్లిపోయారు. ఎం.కె. వెల్లోడి అనే సివిల్ (ఐసీఎస్) అధికారి వచ్చారు. 1952లో ఎన్నికలయ్యాక బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ప్రపంచంలో చాలా చోట్ల ఇలా జరగలేదండీ. జనరల్ వచ్చి కూర్చుంటే లేచేవాడు కాదు.

కానీ ఆ నెలల్లోనే ఇంకొకటి జరిగింది. అంతకుముందు రజాకార్లు చేసిన దారుణాలు మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి అంతగా వినలేదు. దాని మీద పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపించింది ప్రభుత్వమే. వాళ్లు జిల్లాలు తిరిగారు, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీల్లో పాల్గొన్నారని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాలు మూలన పడి ఉంది. సైన్యం ప్రభుత్వం మాట విన్నది నిజమే. మరి సైన్యం పేరున ఏం జరిగిందో ప్రభుత్వం ప్రజలకు చెప్పిందా? చెప్పలేదు.

1959కి వద్దాం. రక్షణమంత్రి కృష్ణమీనన్, ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య. పదోన్నతుల్లో మంత్రి జోక్యంతో విసిగి ఆగస్టు 31న తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు. నెహ్రూ పిలిచి బుజ్జగించి వెనక్కి తీసుకునేలా చేశారు. రెండు రోజుల తర్వాత పార్లమెంటులో, పౌర ప్రభుత్వమే సర్వోన్నతమని చెబుతూ, తిమ్మయ్యదే తప్పన్నట్టు మాట్లాడారు. సూత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ ఆ రోజు సైన్యంలో ప్రతి అధికారికీ అర్థమైంది వేరు: మంత్రికి ఎదురు చెప్తే పరువు పోతుంది.

మూడేళ్లు గడిచాయి. 1962 అక్టోబర్ 12న సిలోన్ (శ్రీలంక) బయల్దేరుతూ, చైనావాళ్ల నుంచి మన భూమిని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని నెహ్రూ విలేకరులతో అన్నారు. అప్పుడు చైనా సరిహద్దులో నమ్‌కా ఛూ వాగు ఒడ్డున బ్రిగేడియర్ దల్వీ బ్రిగేడ్ ఎలా ఉందంటే, హిమాలయాల చలిలో చాలామంది ఒంటి మీద నూలు బట్టలు, తూటాలు తక్కువ, వెనక రోడ్డు లేదు. యుద్ధరంగంలో దళాలను నడిపిన అనుభవం లేని జనరల్ కౌల్ చేతిలో ఆ బ్రిగేడ్ పైనున్న పెద్ద దళాన్ని (కోర్‌ను) పెట్టారు. అక్కడ నిలబడలేమని కింది అధికారులు మొత్తుకున్నారు. పై దాకా ఆ మాట గట్టిగా మోసినవాడు లేడు. 20వ తేదీ తెల్లవారుజామున చైనా దాడి చేసింది. ఆ బ్రిగేడ్ గంటల్లో చెదిరిపోయింది, దల్వీ బందీ అయ్యారు.

నెహ్రూకు ఒక విషయంలో దండం పెట్టాలి. యుద్ధం నడుస్తుండగానే, నవంబర్ 8న, పార్లమెంటును సమావేశపరిచారు. సభ్యులు నిలదీశారు, ఆయన కూర్చుని విన్నారు. దానికి ముందు రోజే మీనన్ మంత్రివర్గం నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆర్మీ చీఫ్‌గా వచ్చింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్ చౌదరిగారే. ఓటమి మీద విచారణ చేయమని హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు అధికారులకు అప్పగించింది ఆయనే. కానీ వాళ్ల పరిధి సైన్యం వరకే. మంత్రులు, సచివాలయం తీసుకున్న నిర్ణయాల జోలికి వెళ్లే అధికారం వాళ్లకు లేదు. ఆ నివేదికనూ ఏ ప్రభుత్వమూ విడుదల చేయలేదు. కాంగ్రెస్ చేయలేదు, బీజేపీ చేయలేదు. కొంత భాగం 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు ఇంటర్నెట్‌లో పెడితే చదువుకున్నాం. మన జవాన్లు ఎందుకు చనిపోయారో బయటివాడు చెప్తే తెలుసుకోవాలా? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కార్గిల్ తర్వాత మాత్రం వాజ్‌పేయి ప్రభుత్వం మంచి పని చేసింది. ఆ యుద్ధాన్ని సమీక్షించిన సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికను, కొన్ని భాగాలు తీసేసినా, 2000లో పార్లమెంటు ముందు పెట్టింది. మూడు దళాలకూ ఉమ్మడిగా ఉండే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి చర్చ కూడా అక్కడి నుంచే ఊపందుకుని, 2020 జనవరిలో జనరల్ రావత్‌తో అమల్లోకి వచ్చింది.

చివరగా 2022 జూన్. యువకులను నాలుగేళ్లకు సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని రక్షణమంత్రి ప్రకటించారు. 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. రెండు రోజుల తర్వాత విలేకరుల ముందు కూర్చుని, ఈ పథకం వెనక్కి తీసుకోవడం ఉండదని చెప్పింది మాత్రం యూనిఫాంలో ఉన్న అధికారులు. అది మంత్రివర్గం నిర్ణయం కదండీ! ఓటు వేసినవాళ్లకు దాన్ని సమర్థించి చెప్పాల్సింది మంత్రులు. జనరల్‌ను ముందు పెడితే, పథకాన్ని ప్రశ్నించినవాడు సైన్యాన్ని ప్రశ్నించినట్టు అవుతుంది. అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి ఇంటికొచ్చే పిల్లలు మన ఊళ్లలోనూ ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులారా, మీ ఎంపీకి నేరుగా ఉత్తరం రాసి అడగండి, లోక్‌సభలో సమాధానం రాబట్టమని చెప్పండి. హెండర్సన్ బ్రూక్స్ నివేదిక సంగతి కూడా అదే ఉత్తరంలో రాయండి.